చుంచు కారు, లారీ ఇంజను

డ్రైవింగ్ స్కూల్లో ఆవిణ్ణి అందరూ బ్రేకమ్మ అనేవాళ్ళు. మొదట్లో చాటుగా అనేవాళ్ళు, తర్వాత ఎదురుగానే అనడం మొదలుపెట్టారు. ఆవిడేమీ అనుకోలేదు. కారు నేర్పేవాళ్ళు కూర్చునే పక్క సీటు కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. దాని మీద నుంచి ఆవిడ కాలు తీసిన పాపాన పోలేదు. నేర్చుకునేవాళ్ళు కంగారుపడి ఎక్స్‌లరేటర్ మీద విరుచుకుపడితే, ఏం జరిగిందో వాళ్ళకు తెలిసేలోపే కారు ఆగిపోయి ఉండేది. "కంగారొస్తే క్లచ్చూ బ్రేకూ కలిపి తొక్కేయండి, మిగతాది తర్వాత ఆలోచిద్దాం" అన్నది ఆవిడ చెప్పే మొదటి పాఠం. పెళ్ళికి ముందు నుంచీ అదే ఉద్యోగం. నలభై దాటేదాకా పనివేళల్లో మూడో గేరు దాటి వెళ్ళడం ఆవిడకు అరుదు.

అలాంటి మనిషి రేసులకు వెళ్తోందని, అదీ లారీ ఇంజను బిగించిన బుల్లి కారులో వెళ్తోందని విన్నప్పుడు స్కూలు యజమాని నమ్మలేదు. ఎవరో ఆటపట్టిస్తున్నారనుకున్నాడు.

ఇదంతా ఆవిడ భర్త దగ్గర మొదలైంది. ఆయన సరుకు రవాణా కంపెనీ షెడ్డులో మెకానిక్. ఒకప్పుడు మాటల పుట్ట. అన్నం తింటూ కూడా పిస్టన్ల గురించీ, పంపుల గురించీ, ఆ రోజు షెడ్డుకొచ్చిన డ్రైవర్ల అబద్ధాల గురించీ చెబుతూనే ఉండేవాడు. పక్క గదిలో కుట్టుమిషను తొక్కుతున్న అత్తగారు "ఒరేయ్, ముద్ద మింగి మాట్లాడరా" అని కేకేసేది. ఒక రోజు బాగుచేసిన లారీని పరీక్షించడానికి రోడ్డెక్కించి తిరిగి వస్తుండగా, షెడ్డు గేటు దగ్గర ఆయనకు తెలివి తప్పింది. లారీ గేటును ఊడబెరుక్కుని పోయి గోడకు కొట్టుకుంది. అదృష్టం బాగుండి అక్కడ ఎవరూ లేరు. ఆయనకు నుదుటి మీద గీత పడింది, అంతే. కానీ డాక్టరు ఇవి ఫిట్స్ అని తేల్చాడు. మందులు వేసుకోవాలి, స్టీరింగు ముట్టుకోకూడదు, ఎత్తులు ఎక్కకూడదు, పరుగులు పెట్టకూడదు అన్నాడు.

కంపెనీవాళ్ళు ఆయన్ని పనిలోంచి తీసెయ్యలేదు. వెనక గదిలో ఒక బల్ల చూపించి, డీజిల్ పంపులు విప్పి శుభ్రం చేసే పని ఇచ్చారు. ఆ రోజు నుంచి ఆయన నోరు మూతపడింది. అడిగితే ఊఁ అనేవాడు, లేకపోతే అదీ లేదు. సాయంత్రాలు కిటికీ పక్క కుర్చీలో కూర్చుని రోడ్డు మీద పోయే బళ్ళను చూస్తుండేవాడు. బండి కనిపించక ముందే చప్పుడును బట్టి అదేమిటో ఆయనకు తెలిసిపోతుందని ఆవిడకు తెలుసు. పైకి మాత్రం చెప్పేవాడు కాదు. ఆ మౌనం ఆవిణ్ణి లోపల్నుంచి తినేసింది.

ఆ ఏడే డ్రైవింగ్ స్కూల్లో ఒక పాత కారుకు కాలం చెల్లింది. రెండు తలుపుల బుల్లి కారు, ముక్కు ముందుకు సాగి అచ్చం చుంచెలుకలా ఉండేది, అందుకే దాని పేరు చుంచు. పాత ఇనుముకు వేసేస్తానన్నాడు యజమాని. తనకిమ్మని అడిగి, దాన్ని ఇంటి వెనక రేకుల షెడ్డులోకి తోయించుకొచ్చింది ఆవిడ. అటు వెళ్తూ ఇటు వస్తూ భర్త ఏదో ఒకటి విప్పి బిగిస్తాడేమో, కాస్త చేతికి పని తగులుతుందేమో అన్నదొక్కటే ఆవిడ ఆశ.

చాలా రోజులు ఆయన దానివైపు కన్నెత్తి చూడలేదు. ఒక ఆదివారం మాత్రం తల్లి కుట్టుమిషను సొరుగులోంచి కొలత టేపు తీసుకుని వెళ్ళి, బానెట్టు ఎత్తి పొడుగూ వెడల్పూ కొలిచాడు. తర్వాతి వారం కంపెనీ షెడ్డు నుంచి ఒక ఇంజను దిగింది. చల్లటి సరుకు మోసే లారీ ఒకటి వాగులో తిరగబడితే, దాని ఇంజను షెడ్డు ఆవరణలో ఏళ్ళ తరబడి పడి ఉంది. మేనేజరు పీడ విరగడైందని ఇచ్చేశాడు. గొలుసు కప్పీతో దాన్ని దించుతుంటే అత్తగారు గుమ్మంలో నిలబడి చూసింది. "కారులో ఇంజను పెడుతున్నాడా, ఇంజను మీద కారు బోర్లిస్తున్నాడా?" అని కోడల్ని అడిగింది.

అడగాల్సిన ప్రశ్నే. ఆ ఇంజను ముందు పట్టదు. పట్టినా, బరువంతా ముందు పడితే బండిని నడిపే వెనక చక్రాలకు నేల పట్టు దొరకదు, ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి. అందుకని ఇంజనుకూ మనుషులకూ మధ్య ఉండే ఇనుప గోడను కోసేసి, ఇంజనును వెనక్కి, ముందు సీట్లు ఉండాల్సిన చోటుదాకా జరిపాడు. ముందు సీట్లు పోయాయి. నడిపే మనిషి వెనక సీట్లో కూర్చోవాలి. స్టీరింగు కడ్డీని సాగదీసి అక్కడిదాకా తెచ్చాడు. రేకు మూత కింద ఇంజను సరిగ్గా మోకాళ్ళ ముందు ఉంటుంది. బయటి నుంచి చూస్తే కారులో ఎవరూ లేనట్టే ఉంటుంది, వెనక అద్దంలోంచి మాత్రం ఒక తల కనిపిస్తుంది.

ఇదంతా ఆయనే చెప్పాడు, భోజనం చేస్తూ. ఆవిడకు సగం అర్థమైంది. అర్థమైన సగాన్ని కూడా మళ్ళీ అడిగింది, ఆయన మళ్ళీ చెబుతాడని. పక్క గదిలో కుట్టుమిషను ఆగింది. ముద్ద మింగి మాట్లాడమని ఆ రోజు అత్తగారు అనలేదు.

ఊరి చివర వాడకం మానేసిన రన్‌వే ఒకటి ఉంది. ఆదివారాలు అక్కడ సరదా రేసులు జరిగేవి. రెండు బళ్ళు పక్కపక్కన నిలబడతాయి. ఎదురుగా స్తంభం మీద పచ్చదీపం వెలగగానే తిన్నగా దూకుతాయి. పావు మైలు గీత ఎవరు ముందు దాటితే వాళ్ళు గెలిచినట్టు. మలుపులు లేవు, మళ్ళీ మళ్ళీ చుట్లు కొట్టడం లేదు. దీన్నే డ్రాగ్ రేస్ అంటారు. చుంచును అక్కడికే తీసుకెళ్ళాలని ఆయన పట్టుదల.

నడపడానికి షెడ్డులోని ఒక లారీ డ్రైవర్ని ఒప్పించాడు. అతను ఒక రోజు వచ్చి వెనక సీట్లో కూర్చున్నాడు. ఇంజను ఆన్ చేసి కాసేపు వింటూ, మోకాళ్ళకు తగిలే వేడిని చూసుకుని మెల్లిగా దిగిపోయాడు. తనకు పెళ్ళి కుదిరిందనీ, అది అయ్యాక ఆలోచిద్దామనీ చెప్పి వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. ఆ సాయంత్రం ఆయన తిరిగి కిటికీ పక్క కుర్చీలో కూర్చోవడం ఆవిడ చూసింది. పళ్ళేలు తుడుస్తూనే, వెనక్కి తిరగకుండా, "నేను నడుపుతాను" అంది.

"నువ్వా?"

"నేనే. దానికి బ్రేకు ఉందిగా?"

ఆయన నవ్వాడు. ఆ నవ్వు విని ఎంత కాలమైందో ఆవిడకే గుర్తులేదు.

రన్‌వే దగ్గరికి, కొన్న బండిని కొన్నట్టుగా తెచ్చేవాళ్ళు ఎవరూ లేరు. బేకరీ ఆయన తన రొట్టెల వ్యానులో ఎనిమిది సిలిండర్ల పెద్ద ఇంజను పెట్టుకొచ్చేవాడు. దాని తలుపు మీద రొట్టె బొమ్మ ఇంకా అలాగే ఉంది. మందుల షాపు నడిపే ఒకావిడ, గోదాముల్లో బస్తాలెత్తే బండి కరెంటు మోటార్లు రెండింటిని తన పాత కారు కింద బిగించింది. అది పిల్లిలా చప్పుడు లేకుండా దూకేది. వాళ్ళ మధ్య చుంచు వచ్చి నిలబడితే ముందు నవ్వులు వినిపించాయి. ఇంజను ఆన్ చేశాక, నవ్వినవాళ్ళే దగ్గరికొచ్చి కారులోకి తొంగి చూశారు.

అక్కడ బళ్ళను తనిఖీ చేసేది ఫైర్ సర్వీసులో రిటైరైన పెద్దాయన. అందరూ ఫైరాయన అంటారు. చుంచును చూడగానే ఆయన మొహం గంభీరమైపోయింది.

"డీజిల్ ఇంజనుకి తాళంచెవి మర్యాద కోసమేనమ్మా" అన్నాడు. "దానికి తిక్క రేగితే తాళం తీసినా ఆగదు."

ఆయన విడమర్చి చెప్పాడు. ఇంజనులోకి గాలి తోసే టర్బో అనే చక్రం ఉంటుంది. దాని లోపలి సీలు అరిగిపోతే, ఇంజను ఆయిల్ కారి గాలితో పాటు లోపలికి పోతుంది. అప్పుడు ఇంజనుకు డీజిల్‌తో పని లేదు. తన ఆయిల్ తానే తాగుతూ, తాగేకొద్దీ ఇంకా వేగంగా తిరుగుతూ, చివరికి ముక్కలై పేలిపోతుంది, అందులోనూ క్లచ్చు తొక్కి చక్రాల బరువు తీసేస్తే మరీ త్వరగా. ఆపాలంటే దాని గొంతు నొక్కాలి, అంటే గాలి రాకుండా చెయ్యాలి. గాలి గొట్టంలో ఒక రేకు మూత, దానికి నడిపేవాళ్ళ చేతికందే తీగ లేకపోతే బండిని గీత దగ్గరికి రానివ్వనన్నాడు. ఆవిడ భర్త తల ఊపి, తర్వాతి వారానికల్లా రెండూ అమర్చాడు. ఫైరాయన తీగను లాగి చూసి, ఇంజను గుక్క తిప్పుకోలేక ఆగిపోయాక సంతకం చేశాడు.

మొదటి రేసులో పచ్చదీపం వెలిగినా ఆవిడ కదల్లేదు. కాలు బ్రేకు మీదే ఉండిపోయింది. రెండోసారి కదిలింది, ఓడిపోయింది. మూడోసారి క్లచ్చు వదలగానే సీటు వీపును గుద్దింది. రెండు పక్కలా గడ్డి ఒక్కటే ఆకుపచ్చ చారగా మారింది. గీత దాటి కారు ఆగాక చేతులు వణుకుతుంటే, ఎవరూ చూడకుండా వాటిని తొడల కింద పెట్టుకుని కూర్చుంది. అది భయం వల్ల వచ్చిన వణుకు కాదని ఆవిడకు తెలుసు. ఆ మాట భర్తకు కూడా చెప్పలేదు. ఆయన కోసమే చేస్తున్నట్టు అందరూ అనుకున్నారు, ఆవిడా అలాగే అనుకోనిచ్చింది. వారం పొడుగునా ఇతరుల కంగారుకు కాపలా కాసే మనిషికి, ఆదివారం నాడు కొన్ని క్షణాలు తన వేగం తనది.

ఆ సీజను ముగిసేసరికి గెలిచినవి కొన్నీ ఓడినవి కొన్నీ కలిసి, చుంచు ఆఖరి పోటీకి చేరుకుంది. ఎదురుగా రొట్టెల వ్యాను.

ఆ ఉదయం చలిగా ఉంది. ఇంజను ఆన్ చేయగానే వెనక గొట్టంలోంచి పొగ వచ్చింది. చలి ఉదయం డీజిల్ బండికి తెల్ల పొగ మామూలే, కాసేపట్లో పోతుంది. ఇది పోలేదు. కాస్త నీలంగా, బద్ధకంగా నేలకు అంటుకుని పాకింది. అప్పటికే సీటు పట్టీలు బిగించుకున్న ఆవిడ అద్దంలోంచి చూసింది. భర్త వెనక్కి వెళ్ళి వంగాడు. గొట్టం అంచున వేలు రాసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆ వేలిని ప్యాంటుకు తుడుచుకున్నాడు. ఒక్క క్షణం అలాగే నిలబడ్డాడు. తర్వాత కిటికీ దగ్గరికొచ్చాడు. ఏదో చెబుతాడనుకుంది.

"చలికి" అన్నాడు ఆయన.

ఆవిడ తల ఊపి హెల్మెట్ పెట్టుకుంది.

పచ్చదీపం వెలిగింది. ఆవిడ కాలు ఆ రోజు ఆలస్యం చెయ్యలేదు. రెండో గేరులో రొట్టెల వ్యాను ముక్కు పక్కన కనిపించింది, మూడో గేరులో వెనక్కి పోయింది. నాలుగో గేరు, అదే ఆఖరి గేరు, పడేసరికి ముందు గీత తప్ప ఏమీ లేదు. గీత దాటింది. గెలిచానని తెలిసింది. ఎక్స్‌లరేటర్ మీద నుంచి కాలు తీసింది.

కారు తగ్గలేదు.

కాలు తీశానా లేదా అని ఒకసారి కిందికి చూసుకుంది. తీసే ఉంది. ఇంజను చప్పుడు మాత్రం పైపైకి పోతోంది. ఆ గొంతు ఆవిడ ఎప్పుడూ వినలేదు. లారీ గురక పోయి, ఎవరో కేక పెడుతున్నట్టు సన్నగా, ఆగకుండా. తాళంచెవి తిప్పింది. కేక ఆగలేదు. అద్దంలో వెనకంతా నీలం పొగ, ఆ పొగలో రొట్టెల వ్యాను ఎక్కడుందో కూడా కనబడలేదు. చెయ్యి తీగ మీదికి పోయింది. లాగింది. మూత పడిన టక్కుమన్న చప్పుడు వినిపించింది, కేక ఒక్క క్షణం తడబడింది, మళ్ళీ అందుకుంది. మూతకూ ఇంజనుకూ మధ్యనున్న రబ్బరు గొట్టం ఆ ఊపుకు చీలిపోయిందని తర్వాత తెలిసింది. ఆ చీలికలోంచి ఇంజను గాలి పీలుస్తోంది. అప్పుడు మాత్రం తెలిసిందొక్కటే, తీగ పని చెయ్యలేదు.

రన్‌వే చివర మట్టికట్ట ఉంది. అది దగ్గరికొస్తోంది.

ఎడమ కాలు క్లచ్చు మీదికి దానంతటదే లేచింది. క్లచ్చూ బ్రేకూ కలిపి. అన్నేళ్ళుగా రోజూ తన నోటితో చెప్పిన మాట ఆ కాలిలో ఉంది. క్లచ్చు తొక్కితే కారు చక్కగా ఆగుతుంది. కానీ చక్రాల బరువు వదిలించుకున్న ఇంజను ఇక దేనికీ లొంగదు, ముక్కలైపోతుంది. ఆ ముక్కలు వచ్చేది రేకు మూత చీల్చుకుని తన మోకాళ్ళ మీదికే. ఫైరాయన మాటలు ఇంత వరుసగా ఆవిడకు గుర్తుకు రాలేదు. గుర్తుకొచ్చింది ఆయన మొహం. కాలు క్లచ్చుకు తగలబోయి ఆగింది.

ఆ కాలిని పక్కకు లాగి బ్రేకు మీదికి తెచ్చింది. రెండు కాళ్ళూ ఒకే బ్రేకు మీద. గేరు నాలుగులోనే. నడుము సీటుకు ఆనించి, ఒంట్లో ఉన్న సత్తువంతా కాళ్ళలోకి తెచ్చుకుని తొక్కింది. కారు ముందుకు లాగుతోంది, ఆవిడ వెనక్కి లాగుతోంది. బ్రేకులు కాలిన కంపు ముక్కుపుటాలకు తగిలింది. మోకాళ్ళకు వేడి సెగ కొడుతోంది. రేకు మూత గడగడా వణుకుతోంది. బ్రేకు పెడలు మెత్తబడి కొంచెం కొంచెం కిందికి దిగుతోంది, అది నేలకు తగిలిందంటే ఇక అంతే. తగ్గు, తగ్గు అని పళ్ళ మధ్యనుంచి అంటూనే ఉంది. మట్టికట్ట మీద మొలిచిన గడ్డి పోచలు విడివిడిగా కనిపిస్తున్నాయి.

కేక కాస్త లావైంది. ఇంకా లావైంది. కేక నుంచి మూలుగులోకి, మూలుగు నుంచి కుదుపుల్లోకి దిగింది. కారు గుర్రంలా ఎగిరెగిరి పడింది. ఒక పెద్ద కుదుపు, అంతే. ఇంజను ఆగిపోయింది. మట్టికట్ట ముందు చక్రాలకు తాకుతూ ఉంది.

ఆ నిశ్శబ్దంలో చెవులు హోరెత్తాయి. పట్టీలు విప్పుకుంది. కిందపడినట్టుగా బయటికొచ్చి, పొగలోంచి వెనక్కి చూసింది.

దూరంగా భర్త వస్తున్నాడు. నడవడం లేదు, పరిగెడుతున్నాడు. రన్‌వే మధ్యలో, చేతులు అడ్డదిడ్డంగా ఊపుతూ, ఏళ్ళుగా పరుగన్నది ఎరగని మనిషి. వద్దు అన్నట్టు ఆవిడ చెయ్యి ఎత్తింది. ఆయన చూశాడో లేదో. ఇంకో నాలుగడుగులు వేసి, కాళ్ళు ఎవరో లాగేసినట్టు కూలిపోయాడు.

ఇప్పుడు పరుగు ఆవిడ వంతైంది. హెల్మెట్ తియ్యాలన్న ధ్యాస కూడా లేకుండా పరిగెత్తింది. ఆవిడ చేరేసరికి ఫైరాయన జీపు దిగి, ఆయన్ని పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల కింద తన కోటు పెడుతున్నాడు. భర్త ఒళ్ళంతా కొట్టుకుంటోంది. కళ్ళు పైకి తేలిపోయాయి. పట్టుకోవద్దు, కొట్టుకోనివ్వాలి, దానంతటదే తగ్గుతుంది అన్నాడు ఫైరాయన. ఆవిడ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. అంతకుముందు ఆ కారులో కూడా ఇంత భయం వెయ్యలేదు. కారులో కాళ్ళకు చెయ్యడానికి ఒక పనైనా ఉంది. ఇక్కడ ఊరికే చూస్తూ ఉండాలి.

కుదుపులు తగ్గాయి. చాలాసేపటికి ఆయన కళ్ళు ఒకచోట నిలిచాయి. ముందు ఆవిడ మోకాళ్ళవైపు చూశాడు. తర్వాత చేతులు. తర్వాతే మొహం. కళ్ళు మూసుకున్నాడు.

ఆస్పత్రిలో మందులు మార్చి ఇంటికి పంపారు. పోటీ గెలిచినందుకు ఇచ్చిన షీల్డు ఎవరో ఇంటికి తెచ్చిచ్చారు, అది కుట్టుమిషను పక్కన గుడ్డపీలికల కింద ఎక్కడో పడిపోయింది. ఆయన కాస్త లేచి తిరగగానే చేసిన మొదటి పని, చుంచు మీద టార్పాలిను కప్పి, తాడు చుట్టి, ముడి మీద ముడి వెయ్యడం. ఇంజను మళ్ళీ కంపెనీ షెడ్డుకు పంపేస్తానన్నాడు. అంతకుమించి మాట లేదు. మళ్ళీ కిటికీ, మళ్ళీ కుర్చీ.

ఆవిడ కొన్నాళ్ళు ఓపిక పట్టింది. ఒక మధ్యాహ్నం ముగ్గురూ భోజనానికి కూర్చున్నప్పుడు, ఇంజను పంపొద్దనీ, వచ్చే సీజనుకు బాగుచెయ్యమనీ మామూలుగా అడిగినట్టు అడిగింది. ఆయన చెయ్యి కంచంలో ఆగింది.

"పొగ చూశాను" అన్నాడు. "ఆయిలే అని వాసన చూస్తే తెలిసింది. తెలిసి కూడా పంపాను. ఇంకో గెలుపు కోసం. నిన్ను చంపేసేవాణ్ణి."

"మీరు చూడడం నేను చూశాను" అంది ఆవిడ. "దిగిపోవచ్చుగా? దిగలేదు. నాకూ కావాలి ఆ గెలుపు."

ఆయన తలెత్తాడు.

"మీ కోసమే ఇన్నాళ్ళూ నడిపాననుకుంటున్నారేమో. మొదట అంతే. తర్వాత కాదు. నాకు ఇష్టమండీ అది. నా కాలు బ్రేకు మీద లేని చోటు నాకు అదొక్కటే ఉంది."

ఆయన మొహం కందిపోయింది. అయితే ఇంకేదైనా ఇష్టపడమన్నాడు. మళ్ళీ ఆ గీత దగ్గర నిలబడి తను చూడలేనన్నాడు. ఆవిడ గొంతు కూడా లేచింది. వీధిలోకి వినిపించేలా ఇద్దరూ అరుచుకోవడం ఆ ఇంట్లో అదే మొదలు. గోడకు తగిలించిన కత్తెర వైపు చూస్తూ కూర్చున్న అత్తగారు అప్పటిదాకా కిమ్మనలేదు. కోడలు ఆ కారెక్కడం ఆవిడకు మొదటి నుంచీ మింగుడుపడని సంగతే. వాడు చచ్చి బతికాడు, ఇప్పుడు నీ వంతా అని అంతకు ముందు వారమే కోడల్ని నిలదీసింది కూడా. అందుకే ఆవిడ నోరు విప్పగానే, తల్లి తన పక్షమే అనుకున్నాడు కొడుకు.

"నిన్ను స్టీరింగు ముట్టుకోవద్దన్నాక ఎలా అయిపోయావో నేను కళ్ళారా చూశానురా" అంది అత్తగారు. "అది డాక్టరు చేశాడు, తప్పలేదు. ఈ పిల్లకి నువ్వు చేస్తావా? ఇంకో కుర్చీ తెచ్చి ఆ కిటికీ దగ్గర వెయ్యనా?"

ఆయన కంచం ముందు నుంచి లేచిపోయాడు.

మర్నాడు సాయంత్రం రేకుల షెడ్డులో చప్పుడైంది. ఆవిడ వెళ్ళి చూస్తే ఆయన టార్పాలిను ముళ్ళతో కుస్తీ పడుతున్నాడు. తన ముళ్ళు తనకే ఊడిరాక తిట్టుకుంటున్నాడు. ఆవిడ అత్తగారి కత్తెర తెచ్చి తాడు కోసింది.

ఆ చలికాలమంతా పని నడిచింది. ఫైరాయన చెప్పిందే జరిగింది, టర్బో సీలు పూర్తిగా అరిగిపోయి ఉంది. టర్బో మొత్తం మార్చాడు. రబ్బరు గొట్టం తీసేసి ఇనుప గొట్టం వేశాడు. గాలి మూతను ఇంజను మూతి దగ్గరికే జరిపాడు. మోకాళ్ళ ముందు దళసరి ఉక్కు పలక నిలబెట్టాడు. బ్రేకులు పెద్దవి వేశాడు. పని చేస్తుంటే ఆవిడ దీపం పట్టుకుని నిలబడేది. ఒక్కో మర చూపించి ఇది ఎందుకో చెప్పేవాడు. ఈసారి ఆవిడ అర్థం కానివే అడిగింది, అర్థమయ్యేదాకా వదల్లేదు. ఒకచోట తీగ తన చేతికి అందడం లేదని మూడుసార్లు మార్పించింది. ఆయన విసుక్కున్నాడు, మార్చాడు. తన తీగ కాక ఇంకొకటి, బయట నిలబడ్డవాళ్ళు లాగేలా, వెనక బంపరు దగ్గర పెట్టమంది ఆవిడ. దాని చివర అత్తగారు ఎర్రగుడ్డ పిడి కుట్టింది.

కొత్త సీజను మొదటి ఆదివారం ముగ్గురూ వెళ్ళారు. అత్తగారు రన్‌వే చూడడం అదే మొదటిసారి. మడత కుర్చీలో, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని, వచ్చిన ప్రతి బండినీ అనుమానంగా చూసింది. ఫైరాయన రెండు తీగలూ లాగి, వదిలి, మళ్ళీ లాగాడు. ప్రతిసారీ ఇంజను ఆగింది. ఇంకా తృప్తి లేక చుట్టూ ఒకసారి తిరిగొచ్చి అప్పుడు తల ఊపాడు.

ఎదురు పడింది మందుల షాపు ఆవిడ కరెంటు కారు. ఆవిడ చుంచును గీత దగ్గరికి తెచ్చి నిలబెట్టింది. ఇంజను చప్పుడులో ఆ సన్నటి కేక ఎక్కడైనా మొదలవుతోందా అని చెవులు వెతుకుతున్నాయి. ఏ చప్పుడు విన్నా అదే అనిపించింది. భర్త కారు వెనక్కి వెళ్ళి పొగ చూశాడు. వంగి, వేలు రాసి, వాసన చూశాడు. ముందుకొచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాడు. మొహం పాలిపోయి ఉంది.

"ఏమీ లేదు. శుభ్రంగా ఉంది" అన్నాడు. కిటికీ అంచు పట్టుకుని, "దిగాలనిపిస్తే దిగు" అన్నాడు.

ఆవిడ తన లోపల ఉన్నదాన్ని ఒకసారి తూచుకుంది. భయం ఉంది, చాలా ఉంది. దాని పక్కనే ఆ ఇష్టం కూడా ఉంది.

"జరగండి" అంది.

ఆయన జరిగాడు. మొహం పక్కకు తిప్పుకోలేదు. దీపం వెలిగింది.

కరెంటు కారు మొదటే దూకి ముందుండిపోయింది. చుంచు నాలుగో గేరులో తరుముకుంటూ వెళ్ళి, గీత దగ్గర దాని వెనక చక్రం దాకా వచ్చింది, అంతకన్నా రాలేదు. కాలు తీయగానే ఇంజను బుద్ధిగా తగ్గింది. ఆవిడ మెల్లిగా తిప్పుకుని, గడ్డి పక్కనున్న దారిలో వెనక్కి వచ్చింది. ఊపిరి సగం దారిలో గానీ తీసుకోలేదు.

ఇంటికి వెళ్ళేటప్పుడు అద్దె కారు వెనక ట్రాలీ తగిలించి, దాని మీద చుంచును కట్టుకుని ఆవిడే నడిపింది. ఓటమి మూడో గేరు వల్లేనని ఆయన, కాదు క్లచ్చు వదలడంలో తన ఆలస్యమేనని ఆవిడ. గేరు పళ్ళ లెక్క మార్చాలంటాడు ఆయన, అక్కర్లేదు ముందు టైర్ల గాలి చూడండంటుంది ఆవిడ. ఒకరి మాట పూర్తికాకుండా ఇంకొకరు అందుకుంటూ ఊరు చేరేదాకా అదే గొడవ. వెనక సీట్లో అత్తగారు ఒళ్ళో చేతులు పెట్టుకుని కాసేపు విని, తనకు తలనొప్పిగా ఉందనీ, ఇద్దరూ కాస్త నోళ్ళు మూసుకుంటే కునుకు తీస్తాననీ అంది. ఇద్దరూ గొంతు తగ్గించారు గానీ మాట్లాడడం మానలేదు.